కాలిన కీలును కదల్చరాదనెడి మాట

వేసవిలో తాటాకు పాక అంటుకొని కాలినను, వంటయింట చీరచెంగు అంటుకొని కాలినను, గాయపడిన అవయవమును కదల్చరాదనియు, రోగికి హాయిగా నున్న భంగిమలోనే పరుండబెట్టవలెననియు, ముడుచుకొన్న కీలు పుండు మానిన పిమ్మట తనంత తానే సాగుననియు ఒక మాట బందరు నుండి నాగాయలంక దాక చెల్లుబడి యగుచున్నది. ఈ మాట చెప్పువారు దయగలవారే. గడ్డము రొమ్మున కతుకుకొన్న పిల్లలును, చంక విప్పలేక తల దువ్వుకొననేరని స్త్రీలును ఆ దయకు ఫలములు.

గాయపు అంచులను దగ్గరకు లాగెడి కణములు, 1971లో గబియాని ప్రభృతి శాస్త్రజ్ఞులు వర్ణించినవి, పైచర్మము మూసికొన్నంతమాత్రమున పని చాలింపవు. మచ్చ ఎఱ్ఱగా, గట్టిగా, దురదగా నున్నంతకాలము, అనగా ఏడాది మొదలు ఏడాదిన్నర దాక, లాగుచునే యుండును. తలక్రింద దిండు పెట్టి, మోచేయి మడిచి, మోకాలిక్రింద దుప్పటి చుట్ట నుంచుట వానికి తోడుపోవుటయే. ఉపేక్షించినచో కండరములును స్నాయువులును సైతము కుఱుచ యగును. కావున దిండు తీసి, భుజములక్రింద మెత్త వేసి మెడను వెనుకకు వాల్పవలెను. చేతిని ప్రక్కకు 90 డిగ్రీలు ఎడముగా నుంచవలెను. మోచేయి, మోకాలు చాచి, రాత్రులు బద్ద కట్టి, పగలు ఫిజియోథెరపిస్టు చెప్పినట్లు కదల్పవలెను. క్రొత్తగా చర్మము అతికిన నాలుగైదు దినములు కదల్చవలదని వైద్యుడు చెప్పుట కలదు. ఆ నాలుగు దినముల మాటనే మనవారు నాలుగేండ్లకు సాగదీసిరి కాబోలు!

కాలినచోట పేస్టు, సిరా, పేడ పూయుటను గూర్చి వాదించుట దండుగ. వెంటనే 20 నిమిషములు చల్లని నీరు ధారగా పోయుడు. పప్పు, గ్రుడ్డు పెట్టిన చీము పట్టునట! మాంసకృత్తులు లేక పుండు దేనితో మానునో ఆ పథ్యకారులే సెలవీయవలెను.

ఆపరేషను చేయించినను మరల ముడుచుకొనునను మాటలో మాత్రము, ఒప్పుకొనుట కిష్టము లేకున్నను, కొంత నిజము కలదు. పలుచని చర్మపు అతుకు కుంచించుకొనును. బిడ్డ ఎదిగినంతగా మచ్చ ఎదుగదు. రెండవమారు కోత వలసివచ్చుట వైద్యుని తప్పు కాదు. అయినను, త్రాడువంటి ముడుతను జెడ్ ఆకారమున కోసి 60 డిగ్రీల చర్మపు రేకులను తారుమారు చేసినచో లెక్కకు 75 శాతము నిడివి వచ్చును; వెడల్పయిన ముడుతను కోసి విప్పి తొడచర్మము పఱచుదురు, ఆ తొడ సాధారణముగా రెండు వారములలో మానును. పిదప నెలల తరబడి బద్దయు, దినమునకు 23 గంటలు బిగుతు దుస్తులును ధరింపనిచో ముడుత తిరిగి వచ్చుటలో వింత యేమి? మన మే మాసపు ఉక్కలో అది దుర్భరమే, తొడుగక తప్పదు. కనురెప్పలు, మెడ ముడుచుకొన్నచో, మచ్చ మెత్తబడుటకై ఏడాది ఆగరాదు: గడ్డము దిగబడిన మెడలో మత్తుకై గొట్టము దించుటయే కష్టమగును.

2007లో మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవ పేర నడచుచున్న ఆరోగ్యశ్రీ పట్టికలో ముడుత విప్పెడి ఈ చికిత్స కలదు. బద్దలు, బిగుతు దుస్తులు, సిలికాన్ పొరలు, ఫిజియోథెరపీ దానిలోనివే. విజయవాడనో గుంటూరునో ఆపరేషను చేయించుకొని అవనిగడ్డ బస్సెక్కుటకు ముందు, అవి చేతికి వచ్చినవా, మరల ఏనాడు రావలెనో వ్రాసియిచ్చిరా యని అడిగి మఱి కదలుడు.