మీకు తెలుసా? కరిగిన లోహంలో ‘కలకండ’

మేలిరకం బోరాన్ నైట్రైడ్ స్ఫటికాలను కరిగిన లోహంలో, మామూలు గాలి పీడనం దగ్గరే పెంచవచ్చు. జపాన్‌లోని సుకుబా శాస్త్రవేత్తలు 2007లో నికెల్, మాలిబ్డినం ద్రవంతో దీన్ని చేసి చూపించారు. అంతకుముందు ఇంత స్వచ్ఛమైన స్ఫటికాలను గాలి పీడనానికి పదివేల రెట్లు మించిన ఒత్తిడిలో, వజ్రాలు తయారుచేసే తరహా ప్రెస్సుల్లో పెంచేవారు.

చూడబోతే ఇది కలకండ కట్టించడమే! పాకం నెమ్మదిగా చల్లారితేనే పలుకులు పెద్దవిగా కడతాయి కదా. అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో ఇనుము, క్రోమియం కలిపి ఆ ‘పాకం’ కాచారు. వేడి దాదాపు 1,550 డిగ్రీల సెల్సియస్, పైన నైట్రోజన్ వాయువు. ఇనుములో నైట్రోజన్ అంత సులువుగా కరగదు. దాన్ని ఎక్కువగా పట్టి ఉంచేది క్రోమియమే. ఆపైన గంటకు కొద్ది డిగ్రీల చొప్పున చల్లారుస్తారు. అంతసేపూ కొలిమి దగ్గర ఓపికే పెట్టుబడి.

చివరికి గట్టిపడ్డ లోహపు బిళ్ల మీద రంగులేని, అద్దంలాంటి పొర మిగులుతుంది. టేపు అంటించి లాగితే ఊడివస్తుంది. గ్రాఫీన్ పరికరాల కింద పరుపులా పరిచేది ఈ పదార్థాన్నే.