'చూచుకొను': పావగడ నేలమీద ఒక విశ్వాసపదం

కర్ణాటక పటంలో పావగడ తాలూకా ఉన్న తీరు విద్యార్థులు ఒకసారి చూడదగ్గది. పాలనకు అది తుమకూరు జిల్లాది. నేలకు, భాషకు మాత్రం రాయలసీమది. దాని చుట్టూ చాలా మేరకు ఆంధ్రప్రదేశ్ సరిహద్దే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, నాగలమడక మీదుగా పోతుంది గాని, ఏటిలో ఇసుక కనిపించినన్ని రోజులు నీళ్ళు కనిపించవు. పంటలు వాననే నమ్ముకొన్న శెనక్కాయ, రాగి. బోరు వేస్తే చాలాచోట్ల ఫ్లోరైడ్ కలిసిన నీళ్ళు.

ఇటువంటి చోట "దేవుడు చూసుకుంటాడులే" అన్న మాట ఏ మతంవారి నోటనైనా వినిపిస్తుంది. క్రైస్తవ కుటుంబాలలో దానికి గ్రంథపు బలం కూడా ఉంది. పట్నంలో చదువుకొన్న పిల్లలకు అది చేతులు ముడుచుకొని కూర్చోవడానికి సాకుగా తోచవచ్చు. ఆ అనుమానం న్యాయమైనదే. దానికి జవాబు వెతకాలంటే ముందు ఆ క్రియాపదాన్ని పరిశీలించాలి.

ఆదికాండము 22వ అధ్యాయంలో అబ్రాహాము కొడుకును వెంటబెట్టుకొని కొండ ఎక్కుతాడు. కట్టెలు కొడుకు మోస్తున్నాడు; నిప్పు, కత్తి తండ్రి చేతిలో ఉన్నాయి. బలికి గొర్రెపిల్ల ఏదని కొడుకు అడుగుతాడు. తండ్రి ఇచ్చిన జవాబులో తెలుగు అనువాదకులు వాడిన క్రియ 'చూచుకొను'. పొదలో పొట్టేలు చిక్కుకొని కనిపించిన తరువాత ఆ చోటికి పెట్టిన పేరు 'యెహోవా యీరే'. అక్కడా అదే క్రియ. హీబ్రూ మూలంలో ఉన్న ధాతువుకు అర్థం 'చూచు' అనే. ఆంగ్లేయులు దైవపోషణకు వాడే 'ప్రొవిడెన్స్' అనే మాటలో కూడా లాటిన్‌లో 'ముందుగా చూడడం' అన్న అర్థమే ఉంది గాని, ఇప్పుడు ఆ చూపు చెరిగిపోయి 'సరఫరా' ఒక్కటే మిగిలింది. తెలుగులో చెరగలేదు.

'చూచు'కు 'కొను' చేరితే ఏమవుతుంది? వండడానికీ వండుకోవడానికీ ఉన్న తేడాయే ఇక్కడా వస్తుంది. పని చేసేవాడు దాన్ని తనదిగా చేసుకొంటాడు. "ఆవును చూసుకో" అంటే కళ్ళప్పగించి చూడమని కాదు, మేత వెయ్యమని, నీళ్ళు పెట్టమని, ఈనే రాత్రి మేలుకొని ఉండమని. "నీ సంగతి చూసుకుంటా" అనే బెదిరింపులో ఉన్నదీ ఈ బాధ్యతే, కాకపోతే తలకిందులైంది. పావగడ విద్యార్థికి కన్నడంలోని 'నోడికొళ్ళు' కూడా ఇదే కట్టడమని వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి ఈ మాట ఫలానా వస్తువు ఫలానా రోజున చేతికందుతుందని చెప్పడంలేదు. ఒకరి కన్ను మన మీద ఉందనీ, ఆ కన్ను ఊరికే చూస్తూ ఊరుకోదనీ చెబుతోంది. తండ్రి ఆ మాట అన్నది పొట్టేలు కనిపించకముందు అన్నది మరవకూడదు. అన్న తరువాత కూడా నడిచాడు, కొండ ఎక్కాడు, కట్టెలు పేర్చాడు.

దీనికి ఎదురుగా మనిషి వైపు నుంచి ఉన్న మాట 'నిరీక్షణ'. తెలుగు బైబిలు విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ అని మూడింటిని చెబుతుంది. కన్నడంలో మొదటిది 'నంబికె', రెండవది 'నిరీక్షె'. తమిళంలో మొదటిది 'విసువాసం', రెండవది 'నంబిక్కై'. మన 'నమ్మిక'కు చుట్టమైన మాట ఒక పొరుగుభాషలో విశ్వాసమైంది, మరొకదానిలో ఆశ అయింది. తెలుగువారు మాత్రం 'ఆశ'ను వదిలి 'నిరీక్షణ'ను ఎంచుకొన్నారు. ఆశలో పేరాస వాసన ఉండడం ఒక కారణం కావచ్చునని మా ఊహ. 'నిరీక్షణ'లో ఉన్నది 'ఈక్షణ', అంటే చూపే. దేవుడు చూసుకొంటాడు, మనిషి ఎదురుచూస్తాడు. రెండు వైపులా చూపే అయిన ఈ జోడింపు అనువాదకులు కోరి చేసిందో, అలా కుదిరిందో గాని, వానకోసం మబ్బు చూసే రైతుకు వివరించవలసిన అవసరం లేదు.

ఇక 'వాగ్దానము'. వాక్కును దానం చేయడం, మన వాడుకలో మాట ఇవ్వడం. సంస్కృతంలో పిల్లను ఇస్తామని మాట ఇవ్వడానికి కూడా ఇదే పేరు. తెలుగు సంఘాలలో డిసెంబరు 31 రాత్రి ఆరాధన తరువాత 'వాగ్దాన కార్డు' తీసుకొనే ఆచారం చాలామందికి తెలుసు. ఒక్కొక్కరికి ఒక్కొక్క వచనం వస్తుంది. దాన్ని ఏడాదంతా గోడకు అంటించుకొంటారు, లేదా బైబిలులో దాచుకొంటారు. ఆచారంలో తప్పేమీ లేదు. అయితే చీటీమీద వచనం ఒంటరిగా ఉంటుంది, గ్రంథంలో దానికి ఇరుగుపొరుగు ఉంటుంది. తరచుగా కనిపించే యిర్మీయా 29:11 సంగతే చూడండి. మేలు చేసే ఉద్దేశమే తనకున్నదనీ, రాబోయే కాలానికి నిరీక్షణ ఇస్తాననీ దేవుడు పలికే మాట అది. అది బబులోనుకు చెరపట్టబడి పోయినవారికి రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే డెబ్బై ఏండ్ల గడువు ఉంది. అంటే విన్న పెద్దవాళ్ళలో చాలామంది దాని నెరవేర్పు చూడరు. అంతకు ముందే, ఇళ్ళు కట్టుకొని తోటలు వేసుకొని వాటి ఫలాలు తినమని, తామున్న పట్టణపు క్షేమంకోసం ప్రార్థించమని ఉంది. పరాయి ఊళ్ళో తోట వేసుకోమన్న ఆజ్ఞను విడదీసి వాగ్దానం ఒక్కటే గోడకు అంటిస్తే, ఉత్తరంలో సగమే చదివినట్టు.

సువార్తలో ఇంకా పదునైన హెచ్చరిక ఉంది. అరణ్యంలో యేసును శోధించినవాడు, ఆలయ శిఖరం నుంచి దూకమని, దేవదూతలు పట్టుకొంటారని 91వ కీర్తనలోని వాగ్దానాన్నే ఉదహరిస్తాడు. యేసు దూకడు. వాగ్దానం చేతిలో ఉందని దేవుణ్ణి పరీక్షకు పెట్టడం విశ్వాసం కాదని క్రైస్తవ బోధకులు చెప్పేది ఈ ఘట్టాన్నిబట్టే.

కరవులో ఈ ప్రశ్న తెలుగువారికి అతి కఠినంగా ఎదురైంది ధాత, ఈశ్వర సంవత్సరాలలో, అంటే 1876-78లో. పావగడ అప్పుడు మైసూరు సంస్థానంలో ఉంది. 1871 జనాభా లెక్కల్లో సుమారు 50 లక్షలున్న ఆ సంస్థానం 1881 నాటికి సుమారు 42 లక్షలకు దిగింది. తూర్పున మద్రాసు రాజధానిలోని ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు. దేవుడు పోషిస్తాడని బోధించినవాడు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు గుత్తకు తీసుకొన్నాడు. ఆకలితో వచ్చినవారికి, వారిలో ఎక్కువమంది మాదిగలు, పలుగూ పారా చేతికిచ్చి కూలి ఇప్పించాడు. అదే సమయంలో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపివేశాడు. గింజలకోసం మతం పుచ్చుకొన్నారన్న మాట వారికి రాకూడదని, తనకూ ఆ అనుమానం ఉండకూడదని ఆయన ఉద్దేశం. సహాయపు డబ్బు పంచే పని ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మాత్రమే చెప్పుకొనేవారు చాలామంది. మాకు అంతకంటే ముఖ్యంగా తోచేది దానికి ముందటి నిరాకరణ. దేవుడి మాటనూ అన్నం ముద్దనూ ఒకే చేత్తో ఇస్తే పుచ్చుకొనేవాడు దేన్ని నమ్ముతున్నాడో తెలియదని ఆ మిషనరీ గ్రహించాడు. కరవులో చనిపోయినవారిలో ప్రార్థించినవారు లేరని ఎవరూ అనలేరు; ఆ లెక్క ఈ సంఖ్యతో తీరదు.

పావగడకు పొరుగునే మరో ఉదాహరణ ఉంది. మహారాష్ట్ర విడిచి రావలసివచ్చిన స్పెయిన్ దేశపు జెసూట్ విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరాడు. మరుసటి ఏడు జెసూట్ సభను వదిలాడు. 2009లో మరణించేవరకు ఆయన దైవపోషణ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ బావులు, చెక్‌డ్యాములు, ఇళ్ళు, బడులు, ఆసుపత్రులు కట్టింది.

పావగడలో ఇప్పుడు చూడవలసిన దృశ్యం తిరుమణి వైపు ఉంది. శెనక్కాయ ఎండిపోయిన చేలలో, సుమారు 13,000 ఎకరాల మేర, 2,050 మెగావాట్ల సౌరఫలకాలు 2019 చివరికి పూర్తిగా పనిలోకి వచ్చాయి. భూమి కొనలేదు, ఎకరాకు ఏటా 21,000 రూపాయల చొప్పున మొదలుపెట్టి కౌలుకు తీసుకొన్నారు. ఒకప్పుడు పంటను కాల్చిన ఎండే కౌలు తెచ్చిపెట్టింది. దీన్ని దేవుడు చూసుకోవడమేనని భూమి ఉన్న విశ్వాసి చెప్పవచ్చు. అదే ఊళ్ళో భూమిలేని కూలివాడికి కౌలు రాదు, చేలో పనీ పోయింది. అతనూ ఆ ప్రార్థనే చేస్తాడు. పరలోక ప్రార్థనలో అడిగే 'అనుదినాహారము' ఏడాది కౌలు కాదు, ఒక్క రోజు ముద్ద.

అందువల్ల ఈ నేలకు అతి దగ్గరి భాగం మా దృష్టిలో హబక్కూకు చివరి వచనాలు. అంజూరం పూయకపోయినా, ద్రాక్ష కాయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు లేకపోయినా తాను దేవునియందు సంతోషిస్తానని ప్రవక్త అంటాడు. పోయినవి తిరిగివస్తాయని అక్కడ ఒక్క మాట లేదు. ఈ వచనాలు వాగ్దాన కార్డులమీద మాకు అరుదుగానే కనిపించాయి.