బక్క కుక్కకు బువ్వ

పొద్దు గుంకింది. గొర్లు దొడ్డికి చేరాయి. దొడ్డి వాకిట్లో ఆరు నెలల కుక్కపిల్ల పడుకుని ఉంది. దాని పక్కటెముకలు ఒకటి, రెండు, మూడు అని ఎంచొచ్చు. నడుము ఎముక పైకి తేలింది. బొచ్చులో కళ లేదు.

"ఎంత పెట్టినా ఇంతే అత్తా. రెండు ముద్దల సంగటి తింటాది. ఒళ్ళు మాత్రం పట్టదు" అంది కోడలు.

"దాని జాతే అంత అమ్మీ. ఊరకుక్క యాడన్నా లావైతాదా?" అంది అత్త.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మన ఊరకుక్కది సన్నటి జాతే. అది లావు కావాల్సిన పని లేదు. కానీ సన్నం వేరు, బక్క వేరు. కుక్క పక్కల మీద చెయ్యి పెట్టి నిమరండి. పక్కటెముకలు చేతికి తగిలితే సరే. నాలుగు బారల దూరం నుంచే అన్ని ఎముకలూ కనపడితే అది బక్కతనం. అలాంటి పిల్లకు ఏదో లోపం ఉన్నట్టే.

కర్నూలు, కడప దిక్కు గొర్లున్న ఇంటికి కుక్క ముద్దు కోసం కాదు. నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడు ఉంది కదా. అక్కడ బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. అప్పుడది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఆ బీళ్ళలో తోడేళ్ళు కూడా తిరుగుతాయి. రాత్రిపూట తోడేలు మంద దగ్గరికి వస్తే ముందుగా పసిగట్టేది కుక్కే. దాని అరుపుకే మనం లేస్తాం. ఒంట్లో సత్తువ లేని కుక్క లేవదు, అరవదు. ఒక గొర్రె పోతే ఎంత నష్టమో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

తిన్నది ఎక్కడికి పోతుంది?

బాగా తిని కూడా బక్కగా ఉంటే ముందు కడుపులో పురుగులను అనుమానించాలి. కుక్కపిల్లల్లో ఇవి చాలా ఎక్కువ. తల్లి కడుపులో ఉన్నప్పుడే పిల్లకు ఏలికపాములు వస్తాయి. తల్లి పాలలో నుంచి కూడా వస్తాయి. అవి సేమ్యా పోగుల్లాగ తెల్లగా, పొడుగ్గా ఉంటాయి. ఒక్కోసారి కుక్క వాటిని కక్కుతుంది. పిల్ల ఒళ్ళంతా బక్క, పొట్ట మాత్రం కుండలాగ ఉంటే ఇవే కారణం కావచ్చు.

ఇంకో రకం కొంకి పురుగులు. ఇవి కంటికి ఆనవు. పేగులను పట్టుకుని రక్తం తాగుతాయి. కుక్క పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. ఎర్రగా ఉండాల్సిన చిగుళ్ళు తెల్లగా పాలిపోతే రక్తం తగ్గినట్టు. పేడు నల్లగా, తారులాగ పడినా గుర్తే. పిడుదులు కూడా రక్తమే తాగుతాయి. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో వెతికి చూడండి.

కాబట్టి మొదటి పని తిండి పెంచడం కాదు, పురుగుల మందు. పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. కుక్క బరువు చూసి మందు ఇస్తారు. పిల్లకు రెండు వారాల వయసు నుంచి రెండు వారాలకు ఒకసారి ఈ మందు వేయాలి. మూడు నెలలు దాటితే నెలకొకసారి. ఆరు నెలలు నిండితే మూడు నెలలకొకసారి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. గొర్లకు తాపే మందు ఇంట్లో ఉంది కదా అని కుక్కకు తాపద్దు. గొర్రె మందు వేరు, మోతాదు వేరు. వాటిలో కొన్ని కుక్క కళ్ళకు, నరాలకు చెడుపు చేస్తాయి.

సంగటి తప్పా?

తప్పు కాదు. కుక్క తోడేలు జాతి నుంచి వచ్చిందే. కానీ వేల ఏళ్ళుగా మనిషి పంచన ఉండి, మనిషి తిండికి అలవాటు పడింది. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు తోడేళ్ళనూ కుక్కలనూ పోల్చి చూశారు. పిండి పదార్థాన్ని అరిగించుకునే శక్తి తోడేలు కంటే కుక్కకు బాగా ఎక్కువని తేల్చారు. రాగి సంగటి, జొన్న సంగటి, కొర్రన్నం, నూకల గంజి ఏదైనా కుక్కకు అరుగుతుంది. బాగా మెత్తగా ఉడకాలి, అంతే.

లోపం ఎక్కడంటే ఉత్త సంగటి పెట్టడంలో. పెరిగే పిల్లకు కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. అవి సంగటిలో తక్కువ. బక్క కుక్కకు నూనె, కొవ్వు కూడా కావాలి.

"పిల్లోళ్ళకే గుడ్డు లేదు, కుక్కకా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన మాటే. ఇంట్లో పిల్లల తరువాతే కుక్క. అందుకని తక్కువ ఖర్చు దారి చెప్తాను. కోళ్ళ అంగట్లో తోలు, తలలు, కాళ్ళు, కందనకాయలు చవగ్గా ఇస్తారు. కొన్ని చోట్ల తోలుకు డబ్బే అడగరు. వాటిని తెచ్చి కడిగి, ఉప్పు కారం లేకుండా ఉడకబెట్టండి. మెత్తటి ముక్కలు, నీళ్ళు సంగటిలో కలపండి. ఎముకలు మాత్రం తీసి పారేయండి. ఉడికిన కోడి ఎముక ముల్లులాగ విరిగి, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

ఎనిమిది కిలోల పిల్లకు ఒక రోజుకు అందాజుగా ఇంత పెట్టవచ్చు. రాగి పిండి గానీ నూకలు గానీ 100 గ్రాములు. ఉడికిన కోడి ముక్కలు 100 గ్రాములు. మెత్తగా ఉడికిన పప్పు ఒక గరిటె. వంట నూనె ఒక చిన్న చెంచా. వీలైతే ఉడకబెట్టిన గుడ్డు ఒకటి. ఒక గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. గుడ్డు లేని రోజు గుప్పెడు చెనక్కాయ విత్తనాలు వేయించి, మెత్తగా దంచి కలపండి. చెనక్కాయలో మాంసకృత్తులూ ఉన్నాయి, నూనే ఉంది. కోడి కార్జం కూడా మంచిదే, వారానికి రెండు సార్లు చాలు.

ఇదంతా ఒకేసారి పెట్టకూడదు. ఆరు నెలల లోపు పిల్లకు మూడు పూటలు పెట్టాలి. ఆ తరువాత రెండు పూటలు చాలు. కానీ బక్క పిల్లకు ఒళ్ళు పట్టేదాకా మూడు పూటలే పెట్టండి. చాలా రోజులు పస్తున్న కుక్క అయితే ఇంకా జాగ్రత్త. మా ఇంట్లో ఒకసారి అలాంటి కుక్కకు జాలి పడి, చట్టి నిండా పెట్టాము. అది రాత్రంతా కక్కుకుంది, విరేచనాలు పెట్టుకుంది. తప్పు మాదే. అలాంటి దానికి మొదటి మూడు నాలుగు రోజులు కొంచెం కొంచెంగా, రోజుకు నాలుగైదు సార్లు పెట్టాలి. వారం, పది రోజుల్లో మెల్లగా పెంచాలి.

పాలు పోస్తే బలం వస్తుందని అనుకుంటాం. చాలా కుక్కలకు పాలు పడవు. విరేచనాలు అయితే ఉన్న బలమూ పోతుంది. మజ్జిగ, పెరుగు నయం. నీళ్ళు మాత్రం మరవద్దు. మన ఎండలు తెలిసినవే. కుక్కకు మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయట పెట్టి రొప్పుతూ వేడి పోగొట్టుకుంటుంది. దాంతో ఒంట్లో నీరు తగ్గుతుంది. నీడలో ఒక రాతి తొట్టి పెట్టి, పూట పూటకు నీళ్ళు మార్చండి.

పెట్టకూడనివి

మనం తినగా మిగిలిన సంగటికి ఊరిబిండి అంటుకుని ఉంటుంది. అందులో కారం ఒకటే కాదు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు ఉంటాయి. ఈ రెండూ కుక్క రక్తాన్ని చెడగొడతాయి. అందుకే కుక్క ముద్ద ముందే తీసి పక్కన పెట్టండి. ద్రాక్ష పండ్లు కూడా కుక్కకు పనికిరావు.

బూజు పట్టిన చెనక్కాయలు, పాత చెనక్కాయ చెక్క అసలే వద్దు. "మనకు పనికిరాదు, కుక్కకు పడేద్దాం" అనుకోవద్దు. ఆ బూజులో ఒక విషం పుడుతుంది. దాని పేరు అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా సీమకోళ్ళు చచ్చిపోయాయి. ఎందుకో మొదట ఎవరికీ తెలియలేదు. చివరకు వాటికి పెట్టిన చెనక్కాయ చెక్కలో ఈ విషం బయటపడింది. ఇది కార్జాన్ని తినేస్తుంది. ఉడకబెట్టినా పూర్తిగా పోదు. కుక్కకు ఇది కొంచెమైనా ముప్పే. మన మిద్దెల్లో, గాదెల్లో చెనక్కాయలు వానకు తడిసి బూజు పట్టడం మామూలే, అందుకని ఇంత చెప్తున్నాను.

పచ్చి పేగులు, పచ్చి తలకాయ

జాతరకో, బక్రీదుకో గొర్రెను కోస్తారు. పనికిరాని పేగులు, ఊపిరితిత్తులు, తలకాయ కుక్కకు వేస్తారు. రోగంతో చచ్చిన గొర్రెను చేలో పారేస్తే కుక్కలే తింటాయి. బక్క కుక్కకు మాంసం దొరికిందిలే అనిపిస్తుంది. ఇక్కడే పెద్ద చిక్కు ఉంది.

కొన్ని గొర్ల కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు ఉంటాయి. కోసేటప్పుడు మీరూ చూసి ఉంటారు. ఆ బుడగల్లో బద్దె పురుగు పిల్లలు ఉంటాయి. కుక్క వాటిని పచ్చిగా తింటే దాని కడుపులో ఆ పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క పేడులో బయటికి వస్తాయి, బొచ్చుకు అంటుకుంటాయి. గడ్డితో పాటు గొర్రె కడుపులోకి పోతాయి. కుక్కను ముట్టి, చేతులు కడగకుండా బువ్వ తింటే మన కడుపులోకీ పోతాయి. మనిషి కార్జంలో అలాంటి బుడగ ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతుంది. ఆపరేషన్ దాకా పోవచ్చు. విచిత్రం ఏమిటంటే, ఈ పురుగుతో కుక్క పెద్దగా చిక్కదు. చెడ్డది మనకు, గొర్రెకు.

గొర్రె తలకాయలో ఇంకో బద్దె పురుగు బుడగ ఉండవచ్చు. అది మెదడులో పెరిగిన గొర్రె తల వంచి ఒకే దిక్కుకు గుండ్రంగా తిరుగుతుంది. ఆ తలకాయను కుక్కకు పచ్చిగా వేస్తే మందలో ఇంకో గొర్రెకు దారి చేసినట్టే.

ఐస్‌లాండ్ అని ఒక దేశం ఉంది. చాలా చలి దేశం. అక్కడా మనలాగే గొర్లు, కుక్కలు ఎక్కువ. నూటయాభై ఏళ్ళ కిందట అక్కడి జనంలో ఈ నీటి బుడగల జబ్బు విపరీతంగా ఉండేది. 1863లో డెన్మార్క్ నుంచి హరాల్డ్ క్రాబ్బె అనే శాస్త్రవేత్త వచ్చాడు. కుక్కలను పరీక్షించి, జబ్బు ఎట్లా తిరుగుతుందో చూశాడు. ఒక చిన్న పుస్తకం రాశాడు. దాన్ని ఇంటింటికీ ఊరికే పంచారు. బుడగలున్న మాంసం కుక్కకు వేయొద్దు, కాల్చండి, పూడ్చండి అని అందులో ఉంది. తరువాత చట్టాలు కూడా వచ్చాయి. కుక్కలకు మందు వేశారు. 20వ శతాబ్దం సగానికి వచ్చేసరికి ఆ దేశంలో ఆ జబ్బు దాదాపు లేకుండా పోయింది.

మనం చేయాల్సిందీ అదే. పనికిరాని భాగాలను లోతుగా గుంత తీసి పూడ్చి, పైన రాళ్ళు పెట్టాలి. కుక్కకు పెట్టాలనుకుంటే బుడగలు లేనివి తీసుకుని, ముప్పావు గంట బాగా ఉడకబెట్టాలి. బద్దె పురుగులకు కూడా పనిచేసే మందు ఇవ్వమని డాక్టరును అడగండి. అన్ని మందులూ వాటికి పనిచేయవు.

బరువు చూడటం

కుక్క కాటా మీద కుదురుగా నిలబడదు. దాన్ని ఎత్తుకుని మీరే ఎక్కండి. కుక్కతో కలిసి 54 కిలోలు వచ్చిందనుకోండి. దించేసి మీరొక్కరే ఎక్కితే 46 కిలోలు. 54లో 46 తీసేస్తే 8. కుక్క బరువు 8 కిలోలు. క్యాలెండరులో ఆ తేదీ పక్కన 8 అని రాయండి. పదిహేను రోజులకు మళ్ళీ చూడండి. వారానికి పావు కిలో పెరిగినా మేలే.

మందు వేసి, మంచి తిండి పెట్టి నెల గడిచినా బరువు పెరగకపోతే ఇంకేదో జబ్బు ఉంది. మళ్ళీ ఆసుపత్రికి పోవాలి. రక్తంతో విరేచనాలు, వాంతులు అయితే నెల కాదు, ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఆసుపత్రికి పోయినప్పుడు పిచ్చికుక్క రోగం రాకుండా టీకా కూడా వేయించండి. పిల్లకు మూడు నెలలు నిండినాక వేస్తారు. తరువాత ఏటా వేయించాలి. ఏ కుక్క కరిచినా ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. వెంటనే ఆసుపత్రికి పోయి సూది వేయించుకోవాలి. సున్నం, కారం, ఆకు పసరు పెట్టొద్దు.

ఇదంతా కోడలు చదివి వినిపించింది. అత్త లేచి కుక్కపిల్ల దగ్గరికి పోయింది. దాని పెదవి ఎత్తి చూసింది.

"తెల్లగానే ఉండాయి అమ్మీ చిగుళ్ళు. రేపు పొద్దున్నే ఆసుపత్రికి పట్టకపోదాం. వచ్చేటప్పుడు కోళ్ళ అంగట్లో తోలు అడుగుతా. గుర్తు చెయ్యి."