ముక్క పరీక్ష: మొదటి గంట విలువ



"ముక్క తీస్తే గడ్డ ఒళ్ళంతా పాకుతుందట కదండీ?" వార్డుల్లో మేము తరచు వినే ప్రశ్న ఇది. ఈ భయంతోనే నోటిలో పుండును, రొమ్ములో గడ్డను నెలల తరబడి దాచుకునేవారు ఉన్నారు. ముక్క తీయడం వల్ల జబ్బు పాకడం చాలా అరుదు. ఆలస్యం వల్ల ముదరడం మాత్రం మామూలే. అందుచేత బయాప్సీలో తీసిన ఆ చిన్న ముక్కను ఏం చేస్తారో ఈ సంచికలో వివరిస్తున్నాం.

మామూలు పరీక్షకు

శరీరం నుండి తెగిన క్షణం నుండి ముక్కకు రక్తం అందదు, ప్రాణవాయువు అందదు. దానిలోని కణాలు చెడిపోవడం మొదలవుతుంది. కాబట్టి వీలైనంత త్వరగా, గంట దాటకుండా ఫార్మలిన్‌లో వేయాలి. ఆ ద్రవం ముక్కకు కనీసం 10 రెట్లు ఉండాలి. ఫార్మలిన్ కణాలను చంపుతుంది గాని వాటి రూపం చెడకుండా నిలుపుతుంది. తరువాత ముక్కను మైనంలో అమర్చి, పలుచని పొరలుగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. గడ్డ క్యాన్సరా కాదా అని నేటికీ ప్రధానంగా తేల్చేది ఈ పరీక్షే.

ఒక్కొక్క కణాన్నీ చదవడానికి

మిరపకాయలన్నీ కలిపి కారం కొట్టించాక అందులో తాలు కాయలెన్నో ఎవరూ చెప్పలేరు. కల్లంలోనే కాయ కాయా ఏరితే తెలుస్తుంది. గడ్డ సంగతీ అంతే. అందులో క్యాన్సర్ కణాలతో పాటు, వాటితో పోరాడే తెల్ల రక్తకణాలు, రక్తనాళాల కణాలు కలిసి ఉంటాయి. మొత్తాన్ని నూరి పరీక్షిస్తే సగటు మాత్రమే తెలుస్తుంది. 2009లో శాస్త్రజ్ఞులు ఎలుక నుండి తీసిన ఒక్క కణంలోని ఆర్‌ఎన్‌ఏ సందేశాలను చదవగలిగారు. ఆ మార్గం నేడు మనుషుల కణాల దాకా వచ్చింది.

ఈ పరీక్షకు సాధారణంగా కణాలు ప్రాణంతో ఉండాలి. అందుకని ముక్కను ఫార్మలిన్‌లో కాక, ప్రత్యేక ద్రవంలో ఉంచి, గడ్డకట్టకుండా మంచు మీద ల్యాబుకు చేరుస్తారు. అక్కడ సన్నగా తరిగి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఎంజైములతో కణాల మధ్య పట్టును కరిగిస్తారు. సమయం తక్కువైతే కణాలు విడవవు, ఎక్కువైతే చచ్చిపోతాయి. తరువాత 40 లేక 70 మైక్రాన్ల జల్లెడలో వడగడతారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చివరికి ట్రిపాన్ బ్లూ అనే రంగు కలుపుతారు. చచ్చిన కణం నీలంగా మారుతుంది, బ్రతికినది రంగు పట్టదు. చచ్చినవి ఎక్కువైతే ఫలితాన్ని నమ్మలేరు. ల్యాబు దూరమైతే ముక్కను వెంటనే అతిశీతలంలో గడ్డకట్టించి, కణాల కేంద్రకాలను మాత్రమే వేరుచేసి చదివే పద్ధతి కూడా ఉంది.

మానవ శరీరంలోని కణాలన్నిటి పటం గీయాలని 2016లో హ్యూమన్ సెల్ అట్లాస్ అనే అంతర్జాతీయ ప్రయత్నం మొదలైంది. అందులో భాగంగా ఆసియా ప్రజల రక్తంలోని రోగనిరోధక కణాలపై జరిగిన అధ్యయనం 2025లో వెలువడింది. దానిలో మన దేశపు దాతలూ ఉన్నారు. మనవారి కణాలు ఆ పటంలో లేకపోతే, దానిని ఆధారం చేసుకొని తయారయ్యే వైద్యం మనకెంత సరిపోతుందో తెలియదు.

అయితే ఒక్కొక్క కణాన్నీ చదివే ఈ పద్ధతి ఇంకా ఎక్కువగా పరిశోధనకే పరిమితం. మీ చికిత్స దానికోసం ఆగనక్కరలేదు.

మీరు గుర్తుంచుకోవలసినవి

1. ముక్క ఉన్న సీసా మీ చేతికిస్తే పేరు, వయసు, ఏ భాగం నుండి తీసినదో రాసి ఉన్నదా అని చూడండి. అదే రోజు ల్యాబులో అందజేయండి.

2. మూత తీయవద్దు. నీళ్ళు, స్పిరిట్ కలపవద్దు. ఫార్మలిన్ సీసాను మంచులో గాని, ఫ్రీజరులో గాని పెట్టవద్దు.

3. పరిశోధనకు ముక్క అడిగితే ఎందుకో వివరంగా తెలుసుకోండి. రోగనిర్ధారణకు కావలసినంత ముందుగా తీసిపెట్టాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఇష్టమైతేనే సంతకం చేయవచ్చు, తరువాత విరమించుకోవచ్చు. కాదన్నంత మాత్రాన మీ వైద్యం ఆగకూడదు.

4. రిపోర్టు తీసుకొని తప్పక డాక్టరు వద్దకు రండి. బీరువాలో దాచిన రిపోర్టు ఎవరినీ బాగుచేయదు.

మీ ఇంటిలో గాని, సంఘంలో గాని మూడు వారాలు దాటినా మానని పుండు, పెరిగే గడ్డ ఎవరికైనా ఉంటే, ధైర్యం చెప్పి తోడుగా తీసుకురండి. ప్రార్థన చేయండి, పరీక్ష కూడా చేయించండి.