రాగి గిట్టని పిల్లలు

రాత్రి రాగిచెంబులో నీళ్లు పోసి వుంచి, తెల్లవారి పరగడుపున తాగితే ఆరోగ్యమని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఈమధ్య ఆ మాటకు మళ్లీ గిరాకీ వచ్చింది. బజారులో రాగి సీసాలు వచ్చాయి. నీళ్లలో రాగి కలిపే ఫిల్టర్లు కూడా వచ్చాయి. మామూలు మనిషికి వాటివల్ల వచ్చే నష్టమేమీ లేదు. కాని ఇంచుమించు ముప్ఫైవేలమందిలో ఒకరికి ఆ చెంబు శత్రువు. అటువంటివాళ్లు మా చెల్లెలి ఇంట్లోనే ఇద్దరున్నారు గనక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మావాడికి పద్నాలుగో ఏట దస్తూరీ మారింది. ముత్యాలవంటి అక్షరాలు చీమలంత చిన్నవై, పంక్తి చివరికి వచ్చేసరికి ఒకదానిమీద ఒకటి పడేవి. మాట ముద్దముద్దగా వచ్చేది. మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. బళ్లో బద్ధకమన్నారు, ఇంట్లో పెంకితనమన్నారు. ఒకాయన గాలి సోకిందని తాయెత్తు కట్టాడు. "నా చెయ్యి నా మాట వినటంలేదు పెద్దమ్మా" అనేవాడు వాడు. ఇలా ఏడాది గడిచాక ఒక నరాల డాక్టరుగారు వాణ్ని కళ్ల డాక్టరు దగ్గరికి పంపించారు. చెయ్యి వణుకుతుంటే కన్ను చూడటమేమిటని మా మరిది విసుక్కున్నాడు. నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కనిపించింది. అది రాగి!

1912లో లండనులో కిన్నియర్ విల్సన్ అనే వైద్యుడు ఈ జబ్బును వివరంగా వర్ణించాడు. ఆయన పేరే దానికి నిలిచింది. మనం తినే ప్రతి తిండిలోనూ కాస్త రాగి వుంటుంది. ఒంటికి అది కావాలి కూడా. ఎక్కువైనదాన్ని కాలేయం పైత్యరసంతో బయటికి తోసేస్తుంది. విల్సన్ జబ్బులో ఆ తోసేపని చేసే జన్యువు చెడివుంటుంది. రాగి కాలేయంలో పేరుకుని, పొంగి, మెదడుకీ కంటికీ చేరుతుంది. తల్లీ తండ్రీ చెరొక లోపం మోస్తూ తాము మాత్రం ఆరోగ్యంగానే వుంటారు. బిడ్డకు రెండూ చేరితేనే జబ్బు. మా చెల్లెలిది మేనరికం. అటువంటి సంబంధాల్లో ఒకే లోపం ఇద్దరిలోనూ వుండే అవకాశం ఎక్కువ.

జబ్బు పేరు తెలిసిన వారంలోనే సలహాలు వచ్చిపడ్డాయి. ఒకరు పసుపన్నారు, ఒకరు కాలేయానికి ఆకుపసరన్నారు, ఒక పెద్దమనిషి తామ్రభస్మం తెచ్చియిచ్చాడు. తామ్రమంటే రాగే కదా! నిప్పుకు నెయ్యి అన్నమాట. ఆకుపసర్లనూ డాక్టరుగారు వద్దన్నారు: అసలే దెబ్బతిన్న కాలేయానికి ఏ పసరు ఏమి చేస్తుందో చెప్పలేమన్నారు. పసుపు కూరలో వేసినంత చాలు, అది మందు కాదు.

అసలు మందు పెనిసిలమిన్. ఇంగ్లండుకు చెందిన జాన్ వాల్ష్ 1956లో దాన్ని ఈ జబ్బుకు వాడిచూపాడు. అది రాగిని పట్టుకుని మూత్రంలోకి లాగేస్తుంది. కొందరికి మొదట్లో వణుకు పెరుగుతుంది, మావాడికీ పెరిగింది. ఆ రెండు నెలలూ మా చెల్లెలు పడ్డ వేదన చెప్పలేను. సరిగ్గా అప్పుడే ఒక చుట్టం వచ్చి, ఇంగ్లీషు మందు మానేసి ఒక మండలం ప్రకృతి చికిత్స చేయించమన్నాడు. చెల్లెలి మనసు ఊగింది. డాక్టరుగారు కోప్పడలేదు. "మానినవాళ్లలో రెండు మూడేళ్లకే కాలేయం చెడి పోయినవాళ్లున్నారమ్మా. ఇది ఒక కోర్సు కాదు, జీవితాంతం అన్నం లాంటిది" అన్నారు. చుట్టం భోంచేసి వెళ్లిపోయాడు. మందు మానలేదు.

అయితే ఇంట్లో చెయ్యవలసింది లేదనుకోకండి, బోలెడుంది. రాగిచెంబులు, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలు అటకెక్కాయి. పులుసు పడితే వాటిలోంచి రాగి దిగుతుంది. కార్జం, పీతలు, పుట్టగొడుగులు, జీడిపప్పు, నువ్వులు, చాక్లెట్లు డాక్టరుగారు మాన్పించారు. నువ్వులుండలంటే ప్రాణంపెట్టే పిల్లాడు! బలానికని కొనే విటమిన్ మాత్రల్లోనూ రాగి వుంటుంది, సీసామీద చదవాలి. పథ్యం ఒక్కదానితో మాత్రం ఈ జబ్బు ఆగదు.

చేతికి వ్యాయామం, నడకకు గోడపక్కన సాధన, మాటకు రోజూ అరగంట బిగ్గరగా చదవటం. ఈ ఆఖరిదానికి వాళ్ల నాయనమ్మ ఒక ఉపాయం చేసింది. కంటికి పొర వచ్చిందని చెప్పి వారపత్రికల్లో సీరియళ్లు వాడిచేత చదివించుకునేది. తప్పు పలికితే "ఏమిట్రా, మళ్లీ చెప్పు" అనేది. ఆవిడ కంటికి పొరేమీ లేదని మా అందరికీ తెలుసు. రెండేళ్లు గడిచేసరికి మాట తేటపడింది. వణుకు పూర్తిగా పోలేదు, సంతకం చెయ్యగలడు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఒక బిడ్డకు ఈ జబ్బు వుంటే, తోడబుట్టిన ప్రతివారికీ వుండే అవకాశం నాలుగింట ఒక వంతు. వాడి చెల్లెలికి అప్పుడు పదకొండేళ్లు, లేడిపిల్లలా పరుగెత్తేది. పరీక్ష చేయించాలని డాక్టరుగారంటే నాయనమ్మ అడ్డుపడింది. "చక్కగా వున్న పిల్లకు జబ్బంటగడతారా? రేపు దాన్నెవరు చేసుకుంటారు?" అంది. మా చెల్లెలు జవాబు చెప్పలేదు, మర్నాడు పిల్లను వెంటబెట్టుకుని వెళ్లింది. రక్తం, రోజంతా పట్టిన మూత్రం పరీక్షించారు. ఆ పిల్లకూ వుంది.

ఆమెకు జింకు మాత్రలే యిచ్చారు. జింకంటే మన తుత్తునాగం. అది పేగు గోడలో రాగిని అడ్డగిస్తుంది. ఆ కణాలు రాలి మలంతో పోతాయి. 1997లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ ఈ జబ్బుకు దాన్ని అనుమతించింది. ప్రకృతి వైద్యమంటే నాకు తోచేది ఇదే. దుకాణంలో దొరుకుతుంది గదా అని ఎవరికివారు వేసుకోరాదు. మోతాదు, పరీక్షలు డాక్టరే చూడాలి. తిండికి గంట ముందు, లేదా రెండు గంటల తరువాత, రోజుకు మూడుసార్లు. ఇడ్లీకీ కాఫీకీ మధ్య ఆ గంట సంపాదించటం మా చెల్లెలి ఇంట్లో రోజూ ఒక యుద్ధం.

ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. చెయ్యి వణకలేదు, మాట తడబడలేదు. అయినా ఆమె కాలేజీకి వెళ్లాక మా చెల్లెలు నోటుపుస్తకాలు తీసి, పంక్తి చివర అక్షరాలు చూస్తూవుంటుంది.