ఎండాకాలంలో టైరు గాలి తగ్గించాలా?

హైదరాబాద్ శివారులో సాగర్ రోడ్డు మీద ఇంజాపూర్, తుర్కయంజాల్ మీదుగా రోజూ కారు నడిపేవాళ్లలో చాలామంది ఎండలు ముదరగానే టైర్లలో రెండు మూడు పాయింట్ల గాలి తీయిస్తారు. వేడికి గాలి వ్యాకోచించి టైరు పేలుతుందని భయం. ఈ మాటలో సగం నిజముంది. గేజి చూపే అంకెకు వాతావరణ పీడనాన్ని కలిపి, ఉష్ణోగ్రతను కెల్విన్లలోకి మార్చి లెక్క వేస్తే, 15 డిగ్రీల జనవరి తెల్లవారుజామున 33 పీఎస్‌ఐ ఉన్న టైరు 40 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 37 చూపాలి. కానీ డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీదున్న అంకె చల్లని టైరుకు చెప్పింది. ఎండకూ పరుగుకూ పెరిగే ఆ నాలుగైదు పాయింట్లను కంపెనీ ముందే లెక్కలో వేసుకుంది.

టైరును నిజంగా చెడగొట్టే వేడి పైనుంచి కాదు, లోపలినుంచే పుడుతుంది. నేలకు ఆనిన ప్రతిసారీ రబ్బరు వంగుతుంది, మళ్లీ సాగుతుంది. ఆ వంగడానికి ఖర్చయిన శక్తిలో కొంత తిరిగి రాక వేడిగా మిగిలిపోతుంది. బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, మొదటి రెండు వరుసల్లో అనుమతించిన గంటకు 120 కిలోమీటర్ల వేగం అందుకుంటే మామూలు కారు చక్రం సెకనుకు సుమారు 17 సార్లు తిరుగుతుంది. గాలి తగ్గితే పక్కగోడలు ఇంకా ఎక్కువ వంగుతాయి, వేడి ఇంకా పెరుగుతుంది, చివరికి లోపలి పొరలు ఊడతాయి. అంటే పేలుతుందని గాలి తీసినవాడు పేలుడుకే దారి తీస్తున్నాడు. అమెరికాలో ఇలాగే పొరలు ఊడి ప్రమాదాలు జరగడంతో 2000 ఆగస్టులో టైర్ల కంపెనీ ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఆ టైర్లు బిగించిన ఎక్స్‌ప్లోరర్ కారుకు ఫోర్డ్ చెప్పిన 26 పీఎస్‌ఐ చాలదని, 30 ఉండాలని ఫైర్‌స్టోన్ వాదించింది. టైర్లలోనూ లోపాలున్నాయి కాబట్టి నేరమంతా గాలిదే అనలేం. అయినా ప్రమాదాలు టెక్సస్, ఫ్లోరిడా లాంటి వేడి రాష్ట్రాల్లోనే ఎక్కువగా జరిగాయి. ఆ తర్వాత అక్కడ కొత్త కార్లకు తప్పనిసరి చేసిన హెచ్చరిక దీపం గాలి పెరిగితే కాదు, పావు వంతు తగ్గితే వెలుగుతుంది.

మరి అతిగా నింపితే నష్టం లేదా? ఉంది. నడిమధ్య అరుగుతుంది, పట్టు తగ్గుతుంది, ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. అందుకే టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ పీడనం దాకా నింపకూడదు. నైట్రోజన్ నింపితే వేడికి పీడనం పెరిగే బాధ ఉండదనేవారు, మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే అని గుర్తుంచుకోవాలి. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచిస్తాయి. నైట్రోజన్‌లో తేమ ఉండదు, కాస్త నెమ్మదిగా కారుతుంది, అంతే. గాలి తగ్గిందో లేదో చూపుతోనే కనిపెడతామనేవారికి రేడియల్ టైర్లు ఆ అవకాశం ఇవ్వవు. గాలి సరిగ్గా ఉన్నా అడుగున కాస్త ఉబ్బినట్టే ఉంటాయి.

అసలు చిక్కు కొలతలో ఉంది. బంకుకు చేరేలోగా టైరు వేడెక్కుతుంది, స్టిక్కరు అంకె అక్కడ పనికిరాదు. కాబట్టి చిన్న గేజి కొనుక్కుని పొద్దున్నే బండి తీయకముందు ఇంట్లో చూడండి. 33 ఉండాల్సిన చోట 28 ఉంటే లోటు 5. బంకులో 31 చూపితే 36 దాకా పెట్టించండి. నిండా జనంతో, సామానుతో పోయేటప్పటికి స్టిక్కరు మీద వేరే అంకె ఉంటుంది, అది పాటించండి. నెలకు ఒక పీఎస్‌ఐ దాకా గాలి దానంతటదే తగ్గుతుంది. డిక్కీలో కదలకుండా పడున్న స్టెప్నీకీ ఇది వర్తిస్తుంది, దాన్నీ చూడండి.