షుగరుంది... రసం తినొచ్చా?

ఏప్రిల్‌ వచ్చిందంటే నూజివీడు తోటల్లో సందడే సందడి! చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి... పేరు వింటేనే నోరూరుతుంది. ఎటొచ్చీ ఇంట్లో షుగరున్నవాళ్లకే తంటా. తింటే భయం, మానేస్తే బాధ. 'లేత మామిడాకుల కషాయం తాగు, పండు ఎంతైనా తినొచ్చు' అని సలహా చెప్పేవాళ్లూ ఉంటారు. అది నిజమేనా?

ఆకులో ఏముంది?

రక్తంలో చక్కెర ఎక్కువకాలం హెచ్చుగా ఉంటే ఒంట్లో ఫ్రీరాడికల్స్‌ పెరుగుతాయి. కళ్లు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడంలో వీటికీ పాత్ర ఉంది. వీటికి అడ్డుకట్ట వేసేవే యాంటీఆక్సిడెంట్లు. మామిడి ఆకు, బెరడు, తొక్క, టెంకలోని జీడిలో ఉండే మాంజిఫెరిన్‌ అలాంటిదే. ఇది ఎలుకల్లో చక్కెరను తగ్గించినట్లు ప్రయోగాల్లో తేలింది. అయితే ప్రయోగశాలలో కొలిచి ఇచ్చే మోతాదు వేరు, మన పొయ్యి మీద కాచే కషాయం వేరు. దాన్ని నమ్ముకుని మాత్రలు మానేస్తే అసలుకే మోసం!

మెంతులు మంచివే, కానీ...

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు టైప్‌-1 మధుమేహులకు రోజుకు 100 గ్రాముల చొప్పున కొవ్వు తీసిన మెంతిపిండిని ఆహారంలో ఇచ్చి చూశారు. పరగడుపు చక్కెర తగ్గిందని 1990లో ప్రకటించారు. మెంతుల్లోని జిగురు పీచు చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. ఆవకాయలోనూ మెంతులున్నాయిగా అంటారా? వాటికన్నా ఉప్పూ నూనే ఎక్కువ. బీపీ కూడా ఉంటే మరీ జాగ్రత్త.

మరి పండు?

వంద గ్రాముల మామిడి గుజ్జులో సుమారు 15 గ్రాముల పిండిపదార్థాలుంటాయి. అందులో ఎక్కువ భాగం చక్కెరే. అంతే బరువు అన్నంలో దాదాపు 28 గ్రాములుంటాయి. పెరుగన్నంలో పండు నంజుకుంటే రెండూ కలిసినట్లే. అందుకే...

* పండు తినేపూట అన్నం తగ్గించండి.

* రసాన్ని జుర్రుకుంటే ఎంత తిన్నామో తెలియదు. గిన్నెలోకి పిండి, కొలుచుకుని తినండి. పంచదార కలపొద్దు.

* తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. అంకె బాగా పెరిగితే ఈసారి ఇంకా తగ్గించాలన్నమాట.

* షుగరు అదుపులో లేకపోయినా, కిడ్నీ జబ్బున్నా డాక్టరును అడిగాకే తినండి. కషాయం తాగుతుంటే ఆ సంగతీ దాచకుండా చెప్పండి.